ఒక్క ముక్కలో ఎంత వైద్యం!

ఫోలేట్ తగ్గినా, బి12 తగ్గినా రక్తంలో హోమోసిస్టీన్ పెరుగుతుంది. మిథైల్ మలోనిక్ ఆసిడ్ మాత్రం ఈ రెండింటిలో బి12 తగ్గితేనే పెరుగుతుంది. యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1కి చదివేవాళ్లను నిద్రలేపి అడిగినా ఈ ముక్క తడుముకోకుండా చెబుతారు. అమెరికాలో వైద్యం చేయడానికి లైసెన్సు కావాలంటే దాటాల్సిన పరీక్షల్లో అది మొదటిది. గుంటూరులోనో వరంగల్‌లోనో ఎంబీబీఎస్ చదివి అటువైపు చూసే మన పిల్లల బల్లల మీద ఏళ్లుగా కనిపిస్తున్న పుస్తకం ‘ఫస్ట్ ఎయిడ్ ఫర్ ది యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1’. వాళ్లు ‘హై ఈల్డ్’ (పరీక్షలో ఎక్కువ ఫలమిచ్చేవి) అనుకునే ఇలాంటి ముక్కలే దాని నిండా. విద్యార్థులు విద్యార్థుల కోసం కూర్చిన ఈ పుస్తకానికి తావో లే, వికాస్ భూషణ్ ప్రధాన రచయితలు. 2020లో 30 ఏళ్ల సంచిక వచ్చింది.

దీని పనితనం తెలియాలంటే పై ముక్కనే విప్పి చూడాలి. శరీరంలో బి12కి రెండు పనులు. హోమోసిస్టీన్‌ను మిథియోనిన్‌గా మార్చడం ఒకటి. అందుకు కావాల్సిన మిథైల్‌ను ఫోలేట్ మోసుకొచ్చి బి12కి అందిస్తుంది. ఇద్దరిలో ఎవరు లేకపోయినా పని ఆగిపోతుంది, హోమోసిస్టీన్ పేరుకుంటుంది. పైగా బి12 లేకపోతే ఆ మిథైల్‌ను దించుకునే చోటు లేక ఫోలేట్ కూడా ఇరుక్కుపోతుంది. డీఎన్ఏ తయారీ కుంటుపడి, మజ్జలోని కణాలు పెరుగుతాయే తప్ప సరిగా విభజన చెందవు. రెండు లోపాల్లోనూ రక్తహీనత ఒకేలా కనబడేది అందుకే. ఇక రెండో పని, మిథైల్ మలోనిల్ కోఏను సక్సినిల్ కోఏగా మార్చడం. ఇందులో ఫోలేట్ ప్రమేయమే లేదు. కాబట్టి అక్కడ తేడా వచ్చి మిథైల్ మలోనిక్ ఆసిడ్ పెరిగితే వేలెత్తి చూపాల్సింది బి12 వైపే.

జీవరసాయన శాస్త్రంలో ఒక అధ్యాయం పట్టే ఈ సంగతంతా పుస్తకంలో రెండు బాణం గుర్తుల్లో కూర్చుంది. కుదించడం ఎవరైనా చేస్తారు. ఏది తీసేస్తే మిగిలినదాన్ని పట్టుకుని మొత్తాన్నీ మళ్లీ పైకి లాగవచ్చో తెలియడమే అసలు విద్య. ఈ పుస్తకంలో మెచ్చుకోవాల్సింది నాకు అక్కడే కనిపిస్తుంది.

పరీక్షలో ఈ ముక్క వేషం మార్చుకుని వస్తుంది. వయసు మళ్లిన ఆమె, ఒంటి మీద బొల్లి మచ్చలు, పాదాల్లో తిమ్మిర్లు, కళ్లు మూసుకుని నిలబడితే తూలిపోవడం. ఫోలిక్ ఆసిడ్ మాత్రలు వాడుతోంది, హిమోగ్లోబిన్ మెరుగుపడింది, నడక మాత్రం ఇంకా చెడింది. బొల్లి మచ్చ ఊరికే పెట్టింది కాదు: శరీరం తన మీద తానే తిరగబడే స్వభావానికి అది ఆనవాలు. జఠరంలో తయారై బి12ను పట్టుకునే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ మీద కూడా అదే దాడి జరిగి ఉండవచ్చు. ఫోలిక్ ఆసిడ్ రక్తాన్ని సర్దింది గానీ వెన్నుపాములో వెనుక, పక్క దారుల్లో జరుగుతున్న నష్టాన్ని ఆపలేదు. 8 గంటల పరీక్షలో గరిష్ఠంగా 280 ప్రశ్నలు. ఒక్కోదానికి సుమారు నిమిషంన్నర. ఆ నిమిషంన్నరలో ఇదంతా తట్టాలంటే ముక్క నోటికి వస్తే చాలదు, విప్పడమూ తెలిసుండాలి.

ఈ పుస్తకంలో పనితనమంతా ఒకే స్థాయిలో లేదు. రక్తంలో ఆమ్లం పెరిగి ఆనయాన్ గ్యాప్ హెచ్చే కారణాలకు ‘మడ్‌పైల్స్’ అనే గుర్తుమాట ఉంది: మిథనాల్, యురేమియా, డయాబెటిక్ కీటోఅసిడోసిస్, ఇలా అక్షరానికి ఒకటో రెండో. ‘పి’ స్థానంలో ఒకప్పుడు పారాల్డిహైడ్ ఉండేది. ఆ మందు వాడుక తగ్గాక అక్కడ ప్రొపిలీన్ గ్లైకాల్ వచ్చి కూర్చుంది. పేర్లు అప్పజెప్పడానికి పనికొస్తుంది, అంతవరకే. రోజూ ఆసుపత్రిలో ఎదురయ్యే లాక్టిక్ అసిడోసిస్‌కూ, ఎప్పుడో గానీ కనబడని ఎథిలీన్ గ్లైకాల్‌కూ అందులో ఒకటే విలువ. ఛందస్సు చదివిన తెలుగువాడికి ఇది ఆనదు. ‘యమాతారాజభానసలగం’లో ఏ గణాక్షరం దగ్గర ఆగి మూడక్షరాలు పలికినా ఆ గణం స్వరూపమే నోట్లో పలుకుతుంది. పేరూ లక్షణమూ ఒక్కటైన అలాంటి కూర్పు ఏ వైద్య పుస్తకంలోనూ నాకు తారసపడలేదు.

పుస్తకం చివర ‘రాపిడ్ రివ్యూ’ పట్టికలు ఉంటాయి. ఎడమవైపు లక్షణం, కుడివైపు జబ్బు. కుడివైపు చేత్తో మూసి చదువుకోవడానికి అనువైన ఏర్పాటు. ఐదారు నెలలు శ్రద్ధగా చదివినవాళ్లకు అవి ఎంత మేలో, పాథాలజీ ముట్టుకోకుండా నేరుగా అక్కడికి వచ్చేవాళ్లకు అంత చెరుపు. నొప్పి లేని కామెర్లనగానే క్లోమం తలభాగంలో క్యాన్సర్ అనేస్తారు. అక్కడ పెరిగిన గడ్డ పిత్తనాళాన్ని నొక్కుతుందన్న బొమ్మ మనసులో ఉండదు. తప్పు పట్టికది కాదనుకోండి.

2022 జనవరి 26 నుంచి స్టెప్ 1లో స్కోరు పోయి పాస్, ఫెయిల్ మాత్రమే మిగిలాయి. మార్కుల పోటీ తర్వాతి పరీక్ష స్టెప్ 2 సీకే వైపు జరిగింది. అక్కడ మన బి12 ముక్కను ‘ఇప్పుడేం చేస్తావు’ అనే రూపంలో అడుగుతారు. పెద్ద కణాల రక్తహీనత అని తేలగానే ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే రాసి పంపేసే జవాబు నాలుగైదు ఎంపికల్లో ఒకటిగా, ఎంతో సబబుగా కనిపిస్తూ ఉంటుంది.