గ్రిఫిత్ ప్రయోగము: పాఠము విడిచిన పదునారేండ్లు

న్యుమోనియా సూక్ష్మజీవిపై 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ చేసిన ప్రయోగము జీవశాస్త్ర విద్యార్థులకు కంఠస్థమే. తొడుగు గల నున్నని రకము ఎలుకను చంపును. తొడుగు లేని గరుకు రకము చంపదు. వేడిచే చంపిన నున్నని రకమును, బ్రతికియున్న గరుకు రకముతో కలిపి ఎక్కించగా ఎలుక చచ్చినది. దాని రక్తములో బ్రతికియున్న నున్నని రకము కనబడినది. సాధారణముగా పాఠము ఇచ్చటినుండి ఒక్క గంతులో 1944కు పోయి, ఆ మార్పు తెచ్చు పదార్థము డి.ఎన్.ఏ. అని ఏవరీ, మెక్లౌడ్, మెకార్టీ నిరూపించినారని ముగియును.

ఈ కథనములో అసత్యము లేదు, లోపము కలదు. ఎలుక చచ్చినదని తెలిసినంత మాత్రమున, దానిలో ఏ పదార్థము ఎంత పనిచేసినదో కొలువ వీలులేదు. 1931లో డాసన్, సియా పరీక్షనాళికలోనే ఈ మార్పును సాధించినారు. మరుసటి యేడు ఆలోవే మృతకణములను సైతము తొలగించి, వాని సారముతోనే సాధించినాడు. అయినను ఫలితము ఒకనాడు వచ్చును, మరొకనాడు రాదు. ఏవరీ బృందము పోషక ద్రవమును, దానిలో చేర్చు సీరమును, గరుకు కణముల ఎంపికను సరిదిద్ది ఫలితమునకు నిలకడ తెచ్చినది. అందువలననే 60 కోట్ల భాగములలో ఒక్క భాగము డి.ఎన్.ఏ. యున్నను చాలునని చెప్పగలిగినారు. ప్రయోగమే నిలకడగా లేనిచో, ప్రోటీనును జీర్ణింపజేసినను మార్పు ఆగలేదనుటకు విలువ యేమి?

విత్తనము మంచిదైనను నేల పదును లేనిదే మొలక రాదని కోనసీమ రైతు ఎరుగును. ఈ కణము కూడ డి.ఎన్.ఏ.ను అన్ని వేళల స్వీకరించదు. అందుకు సంకేతముగా 17 ఎమినో ఆమ్లములు గల చిన్న పెప్టైడును తానే విడుచునని 1995లో తేలినది. ఆనాటి తడబాటునకు ఇదియొక ముఖ్య కారణము.

వరికి బాక్టీరియా ఎండాకు తెగులు తెచ్చు జీవి జన్యువులను మార్చి, ఏ జన్యువు లోపించిన తెగులు తగ్గునో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పరిశీలించినారు. అట్టి పరిశోధనకు మూలము పై పదునారేండ్ల ఓర్పులోనే యున్నది. అమలాపురము, రాజోలు, కొత్తపేటలలో వరిచేల నడుమ పెరిగిన విద్యార్థికి ఎలుక చావును మాత్రము చెప్పి, ఈ ఓర్పును దాచుట న్యాయము కాదు. “ఎవరు కనుగొనిరి?” అను ప్రశ్న ప్రక్కన “ఎట్లు నమ్మగలిగిరి?” అను ప్రశ్న కూడ పరీక్షలో ఉండవలెను. పాఠమునకు ఒక్క పుట పెరిగిన చాలును.