ముగింపు ముందే తెలిసిన థ్రిల్లర్

థ్రిల్లర్ చదివే స్నేహితుల మధ్య ఒకటే కట్టుబాటు. చివర ఏమవుతుందో చెప్పకూడదు. కానీ అమెరికాలో కోట్ల కాపీలు అమ్ముడైన ఒక థ్రిల్లర్ సిరీస్‌ని కొన్నవాళ్ళలో చాలామందికి చివరేమిటో కొనకముందే తెలుసు. ఎవరు గెలుస్తారో తెలుసు, విలన్ ఏడేళ్ళే ఏలుతాడని తెలుసు, ఏ విపత్తు తర్వాత ఏది వస్తుందో కూడా తెలుసు. అయినా నిద్ర మానుకుని చదివారు. మరి వాళ్ళని పేజీ తిప్పించిందేమిటి? టిమ్ లహే, జెర్రీ బి. జెంకిన్స్‌ల 'లెఫ్ట్ బిహైండ్' నవలల కంటే వాటి పాఠకులే నాకు ఆసక్తిగా కనిపించడానికి కారణం ఈ ప్రశ్న.

ముందు కథ. షికాగో నుంచి లండన్ వెళ్తున్న రాత్రి విమానంలో వందమందికి పైగా ప్రయాణికులు ఉన్నట్టుండి మాయమవుతారు. సీట్లలో బట్టలు, నగలు మాత్రం మిగులుతాయి. ప్రపంచమంతా అదే సంగతి. నిజమైన విశ్వాసులు, చిన్నపిల్లలందరూ, చివరికి గర్భంలో ఉన్న శిశువులు కూడా పరలోకానికి వెళ్ళిపోయారు. మిగిలిపోయినవాళ్ళలో ఒకడు ఆ విమానం పైలట్ రేఫోర్డ్ స్టీల్. అక్కణ్ణుంచి ఏడేళ్ళ శ్రమకాలం, క్రీస్తు విరోధి పాలన, చివర్లో క్రీస్తు రెండవ రాకడ. తెలుగు చర్చిల్లో 'ఎత్తబడటం' అనే మాట విన్నవాళ్ళకి ఈ వరస కొత్తేమీ కాదు. 1995లో మొదలైన సిరీస్ 2007 నాటికి 16 నవలలైంది, 6.5 కోట్ల కాపీలు దాటింది. 1994 నుంచి ఏటా జాన్ గ్రిషమ్‌దే అయిన మొదటి స్థానాన్ని 2001లో ఈ సిరీస్‌లోని తొమ్మిదో నవల 'డెసెక్రేషన్' లాక్కుంది.

ఇది క్రైస్తవులందరూ ఒప్పుకునే వరస కాదని కూడా చెప్పాలి. విశ్వాసులు ముందే ఎత్తబడతారు, తర్వాత ఏడేళ్ళ శ్రమలు అనే ఈ లెక్క 1830ల ప్రాంతంలో జాన్ నెల్సన్ డార్బీ బోధనలతో బలపడింది. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిల్ దాన్ని అమెరికాలో ఇంటింటికీ చేర్చింది. కాథలిక్కులు, ఆర్థడాక్స్ సంఘాలు దీన్ని బోధించవు. లూథరన్ పండితురాలు బార్బరా రాసింగ్ 2004లో దీన్ని ఖండిస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాసింది. అంటే ఈ నవలల మీద గట్టి దెబ్బలు కొన్ని లోపలివాళ్ళే కొట్టారు.

ఈ సిరీస్ తయారైన పద్ధతి మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ప్రవచనాల వరస, వాటి వ్యాఖ్యానం లహేవి. అది రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్. నవల రాయడం మొత్తం జెంకిన్స్ పని. అది కోడ్. రిక్వైర్‌మెంట్ మార్చే అధికారం కోడ్ రాసేవాడికి లేదు. పాత్ర ఎదురు తిరిగినా, కథ ఇంకో దారి పడతానన్నా కుదరదు, ఎందుకంటే మూడో బూర తర్వాత నాలుగో బూర మోగాల్సిందే.

వెక్కిరించే పాఠకులకి ఇక్కడే పండగ. క్రీస్తు విరోధి నికొలై కార్పథియా ఐక్యరాజ్యసమితిలో చేసే మొదటి ప్రసంగం వాళ్ళకి మహా ఇష్టం. అందులో అతను సభ్యదేశాల పేర్లన్నీ అక్షరక్రమంలో చదువుతాడు, సభ మొత్తం లేచి చప్పట్లు కొడుతుంది. హాజరుపట్టీ చదివి ప్రపంచాన్ని జయించిన విలన్ ఇంకో నవలలో దొరకడు. నేనూ నవ్వాను. వాక్యాలు చప్పగా ఉన్నాయన్నా, ఆడపాత్రలు అట్టబొమ్మల్లా ఉన్నాయన్నా కాదనలేను.

కానీ ఈ నవ్వు ఒకచోట ఆగిపోతుంది. పుస్తకం ఇంత పేలవంగా ఉంటే ఇంతమంది ఎందుకు చదివారన్న ప్రశ్నకి 'వాళ్ళకి టేస్ట్ లేదు' అన్నది జవాబు కాదు, తప్పించుకోవడం.

ఏమీ ఫ్రైక్‌హోమ్ తప్పించుకోలేదు. ఆమె ఈ నవలల పాఠకులని కలిసి, మాట్లాడి, 'రాప్చర్ కల్చర్' అనే పుస్తకం రాసింది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2004లో వేసింది. నాకు అందులో బాగా పనికొచ్చిన విషయం ఏమిటంటే, ఇది ఒంటరి చదువు కాదు. ఇంట్లో ఒకరి చేతినుంచి ఒకరి చేతికి, చర్చిలో స్నేహితుల మధ్య పుస్తకాలు తిరిగాయి. చదివినవాళ్ళు ఇంకా నమ్మని అన్న గురించో, చర్చి మానేసిన కూతురి గురించో ఆలోచిస్తూ చదివారు. అందరూ అన్నీ నమ్మేసిన మందా కాదు. పుస్తకంతో వాదులాడినవాళ్ళూ, సిద్ధాంతం పక్కనపెట్టి కథ మాత్రం తీసుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఇక్కడే నా మొదటి ప్రశ్నకి జవాబు దొరికిందనిపించింది. ఈ నవలల్లో సస్పెన్స్ లేకపోలేదు. అది పేజీలోంచి లేచి వచ్చి పాఠకుడి కుర్చీలో కూర్చుంది. మామూలు థ్రిల్లర్లో 'హీరో బతుకుతాడా?' అని టెన్షన్ పడతాం. ఇక్కడ టెన్షన్ వేరు: 'ఆ రాత్రి నేను ఏ పక్కన ఉంటాను? మా ఇంట్లో ఎవరు మిగిలిపోతారు?' కథ ముగింపు తెలుసు, పాఠకుడి ముగింపు మాత్రం తెలియదు. అందుకే గొప్ప వాక్యాలు అవసరం పడలేదు. ఆసుపత్రి రిపోర్టులో శైలి బాగుందా లేదా అని ఎవరూ చూడరు కదా, అలా చదివారు.

ఈ పద్ధతి పనిచేస్తుందని రచయితలకి బాగా తెలుసు. నవలలు చదివి మారినవాళ్ళ కథలు పోగేసి 2003లో వాళ్ళ పేర్లతోనే ఒక పుస్తకం వచ్చింది. పెద్దవాళ్ళు తమ ఇష్టంతో చదివి, భయపడి, మారితే అది వాళ్ళిష్టం. ఆ సిద్ధాంతం మీద నాకు నమ్మకం లేదు, నమ్మేవాళ్ళతో పేచీ కూడా లేదు. నా పేచీ ఇంకో పాఠకుడి తరఫున. అదే కథని పిల్లల కోసం 40 చిన్న పుస్తకాలుగా వేశారు. అంతకుముందు 1972లో వచ్చిన 'ఎ థీఫ్ ఇన్ ద నైట్' అనే సినిమాని ఎన్నో చర్చిల్లో పిల్లలకి చూపించారు. ఆ వాతావరణంలో పెరిగినవాళ్ళు పెద్దయ్యాక పదేపదే చెప్పుకునే అనుభవం ఒకటుంది. బడినుంచి ఇంటికొస్తే ఎవరూ లేరు. పొయ్యిమీద ఏదో ఉంది, పిలిస్తే పలకరు. అమ్మ పక్కింటికి వెళ్ళి ఉండొచ్చన్న ఆలోచన రాలేదు. అందర్నీ తీసుకెళ్ళిపోయి నన్నొక్కణ్ణే వదిలేశారు అనుకున్నారు. చర్చిలో అందరికంటే భక్తిగల మనిషికి ఫోన్ చేసి, ఆవిడ గొంతు వినబడితే ఊపిరి పీల్చుకున్నవాళ్ళున్నారు. ఇదీ ఒక పాఠక స్పందనే. కాకపోతే ఏ బెస్ట్ సెల్లర్ లిస్టూ దీన్ని లెక్కపెట్టదు.

ఇది వాళ్ళ గోలే అని మనం పక్కకి జరగడానికీ లేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు బ్రహ్మంగారి కాలజ్ఞానంలో ఎప్పుడో ఉందంటూ మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని మెసేజ్‌లు తిరిగాయో గుర్తుందిగా. రెండు సంప్రదాయాలూ వేరు, వాటి బరువూ వేరు. చదివే అలవాటు మాత్రం ఒకటే. వార్తని వార్తగా చదవం, ముందే రాసిపెట్టినదానికి రుజువుగా చదువుతాం. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఈ నవలల అమ్మకాలు పెరగడం వెనక ఉన్నది ఈ అలవాటే. అందులో ఒక ఓదార్పు కూడా ఉంది, కాదనను. జరిగిన ఘోరం అర్థంలేనిది కాదు, ఒక పథకంలో భాగం అంటే మనసు కాస్త నిలబడుతుంది.

కానీ ఆ ఓదార్పుకి నవల ఏం చెల్లించింది? నా అసలు ఫిర్యాదు ఇది. ప్రపంచంలో ఒక్క పసిబిడ్డ మిగల్లేదు. మొదటి నవల ఆ సంగతి చెబుతుంది, కానీ ఆ బరువు మొయ్యదు. ఖాళీ ఉయ్యాలల ముందు కూర్చున్న కోట్లమంది తల్లులు ఎక్కడ? విమానాలు మళ్ళీ ఎగురుతాయి, విలేకరి మళ్ళీ వార్తల వెంట పరిగెడతాడు, సమావేశాలు జరుగుతాయి. ఇవాంజెలికల్ నేపథ్యం నుంచే వచ్చిన ఫ్రెడ్ క్లార్క్ 2003 నుంచి ఏళ్ళ తరబడి ఈ నవలల్ని పేజీపేజీ విప్పుతూ ఎత్తిచూపిన లోపాల్లో ఇదొకటి. పుస్తకం మీద వచ్చిన విమర్శల్లో నాకు అన్నిటికంటే న్యాయంగా అనిపించింది కూడా ఇదే, ఎందుకంటే అతని కోపం సాహిత్యం గురించి మాత్రమే కాదు, మనుషుల గురించి.

రేఫోర్డ్ ఏడవడా అంటే ఏడుస్తాడు. భార్య, కొడుకు పోయారు, వాళ్ళ రాత్రి బట్టలు మంచంమీద ఉన్నాయి. తర్వాత భార్య వెళ్ళే చర్చికి పోతే అక్కడ ఒక వీడియో టేపు దొరుకుతుంది. మిగిలిపోయేవాళ్ళ కోసం పాస్టర్ ముందుగానే రికార్డు చేసిపెట్టినది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇప్పుడేం చెయ్యాలి, అన్నీ అందులో ఉన్నాయి. రేఫోర్డ్ టీవీ ముందు కూర్చుని చూస్తాడు. దుఃఖం అక్కడితో సమాచారంగా మారిపోతుంది. నవల నవలగా ముగిసేది నాకు అక్కడే, ఇంకా పదిహేను పుస్తకాలు మిగిలి ఉన్నా సరే.

టామ్ పెరోటా 2011లో 'ద లెఫ్టోవర్స్' రాశాడు. అందులోనూ ఒకరోజు లక్షలమంది మాయమవుతారు. కానీ పోయినవాళ్ళలో అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు. పాస్టర్ మాట్ జేమిసన్ మిగిలిపోయాడు. ఆ అవమానం తట్టుకోలేక, మాయమైనవాళ్ళ పాపాలు తవ్వి అచ్చేసి పంచుతుంటాడు. నోరా డర్స్ట్ అనే ఆమె భర్తనీ ఇద్దరు పిల్లల్నీ ఒకేసారి పోగొట్టుకుంది. ఎందుకో ఎవరూ చెప్పరు. ఆమె కూడా టీవీ ముందు కూర్చుంటుంది. అక్కడ ఏ పాస్టరూ ఉండడు. కొడుక్కి ఇష్టమైన స్పాంజ్‌బాబ్ కార్టూన్ వస్తుంటుంది. రోజూ చూస్తుంది, చూసినదాని గురించి నోటు పుస్తకంలో రాసుకుంటుంది. ఆ కార్టూన్ ఆమెకి ఏ జవాబూ చెప్పదు. అయినా మర్నాడు మళ్ళీ టీవీ పెడుతుంది.