కదలబాక!

మైపాడు దగ్గర మా వీధిలో ఎండ చల్లబడితే మెట్ల మీద ఆడవాళ్ల రైలుబండి కట్టేది. పై మెట్టు మీద అవ్వ, ఆమె ముందు అమ్మ, అమ్మ మోకాళ్ల మధ్య నా తల. సముద్రం గాలికి జుట్టు పీచై చిక్కుపడేది. ఆముదం రాసి, చిక్కు తీసి, పేన్ల దువ్వెన పెట్టి, పాయలు విడదీసేసరికి వీధి వీధంతా మాటల్లో దొర్లిపోయేది. ఎవరి వలలో ఏం పడింది, ఎవరింట్లో ఏం తగవు... నేను మెడ తిప్పితే నెత్తిన మొట్టికాయ: "కదలబాక! పాపట వంకరపోద్ది."

జడ మాటొస్తే నాకు దూరదేశపు తల ఒకటి గుర్తొస్తుంది. లెయోన్ పువారియే తీసిన 'లా క్రుయాజియేర్ న్వార్' మూకీ చిత్రం 1926 నాటిది. సిత్రోయెన్ కంపెనీ 1924 అక్టోబరులో సహారా మీదుగా ఆఫ్రికాలోకి నడిపించిన బండ్ల వెంట వెళ్లిన కెమెరా అది. ఆ యాత్ర పేరు చెబితే జనానికి గుర్తొచ్చే బొమ్మ ఒకటే: కాంగోలోని మంగ్‌బెతు స్త్రీ నొబొసొద్రు పక్కమొహం. పసితనంలో కట్లు కట్టి పొడుగ్గా తీర్చిన తల. ఆ తల మీద, వెదురు బుట్ట లాంటి చట్రానికి అల్లి వెనక్కి విసనకర్రలా విప్పిన జుట్టు. అబ్బ, ఏం తలకట్టు! అది ఒక్క మనిషి చేతికి అయ్యే పని కాదు. వెనక కూర్చుని అల్లినవాళ్లేరి? అల్లుతూ వాళ్లు ఎవరి మీద చాడీలు చెప్పుకున్నారో! ఆ బొమ్మలో తల ఒక్కటే ఉంది.

మన తీరానికీ అలాంటి చూపు తగిలింది. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం బాధ్యత చూసిన ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి సాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. శ్రీహరికోట యానాదులు ఏడో సంపుటంలో ఉన్నారు. తలలకూ ముక్కులకూ కొలతలు పెట్టిన కాలం అది. కొలబద్ద పట్టినాయన కూడా కదలొద్దనే చెప్పుంటాడు. మా అమ్మా కదలనిచ్చేది కాదు, కానీ నా జుట్టులో వేళ్లు ఇరుక్కుని తనూ కదల్లేకపోయేది.

మొన్న మనవరాలికి జడ వేస్తుంటే ఫోన్‌లో తీసుకుంది. చూపిస్తే అందులో జడ మాత్రమే ఉంది. ఫోను గడపకు ఆనించి మళ్లీ తియ్యమన్నాను. ఈసారి పేను దొరికింది; ఇద్దరం విరగబడి నవ్వాం. "ఆ ముక్క కోసేస్తా, అమ్మమ్మా" అంటుంది.

ఒప్పుకోలేదు.