వేతనము లేని కొలువు: ఆంగ్ల మహానిఘంటువును నిలిపిన స్వచ్ఛంద సేవకులు

జీతమిచ్చి పెట్టుకొన్న పనివానిని ఆజ్ఞాపింపవచ్చును. అవసరము లేనినాడు మానుమనవచ్చును. జీతము పుచ్చుకొనక, తన తీరికను, తన కన్నుల వెలుగును, తన దీపపు చమురును వెచ్చించి పనిచేయువానిని ఆజ్ఞాపించుటెట్లు? వాని పని తప్పైనప్పుడు తప్పని చెప్పుటెట్లు? ఇన్నేండ్లు నడచిన పద్ధతి ఇక చెల్లదనియు, నూతన పద్ధతిని అనుసరింపవలెననియు వానిని ఒప్పించుటెట్లు? సంఘములను, గ్రంథాలయములను కేవలము భాషాభిమానముచేత నడపుకొనుచున్న వారికి ఈ చిక్కు క్రొత్తది కాదు. దీనిని డెబ్బదియేండ్లకు పైగా ఎదుర్కొని, గట్టెక్కిన మహాకార్యమొకటి కలదు. అది ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు. దానిని పండితులు శబ్దశాస్త్రదృష్టితో ఎంతయో విమర్శించిరి. అది ఒక జనసమూహము చేసిన పని యను దృష్టితో విమర్శించుట తెనుగువారికి మరింత ప్రయోజనకరము.

1857లో లండను భాషాశాస్త్ర సంఘము నిఘంటువులకెక్కని పదములను సేకరించుటకు ఒక ఉపసంఘమును నియమించెను. మరుసటి యేడే ఆ సంకల్పము పెరిగి, ఆంగ్లభాషలోని ప్రతి పదముయొక్క చరిత్రను చెప్పు నూతన నిఘంటువుగా మారినది. పాఠకులు గ్రంథములను చదివి, పదమును, అది కానవచ్చిన వాక్యమును, గ్రంథనామమును, కాలమును చీటీలపై వ్రాసి పంపవలెను. ప్రథమ సంపాదకుడైన హెర్బర్ట్ కోల్రిడ్జ్ ఆ చీటీలకై 54 అరల పెట్టెనొకదానిని చేయించుకొనెను. ఆతడు 1861లో, ముప్పది యేండ్ల ప్రాయముననే, మరణించెను. ఆ బరువు ఫ్రెడరిక్ ఫర్నివాల్‌పై బడినది.

ఫర్నివాల్‌ను నిందించుట విమర్శకులకు అలవాటైపోయినది. నిందకు ఆధారము లేకపోలేదు. ఆతడు ఒక్కొక్క అక్షరమును ఒక్కొక్క స్వచ్ఛంద ఉపసంపాదకునికి అప్పగించెను గాని, ఎవరికేమి యిచ్చినదియు సరిగా లెక్క వ్రాసికొనలేదు. కొందరు విసిగి మానిరి, కొందరు మరణించిరి, చీటీలు వారి యిండ్లలోనే యుండిపోయినవి. 1879లో జేమ్స్ మర్రే సంపాదకత్వమును స్వీకరించినప్పుడు ఆతని యింటికి చేరిన కాగితముల బరువు దాదాపు 2 టన్నులు. ఒక సంచిలో చచ్చిన ఎలుక యుండెను. మరియొక సంచిలో చుంచెలుక సంసారము చేయుచుండెను. ‘హెచ్’ అక్షరపు చీటీలు ఇటలీలోని ఫ్లారెన్సున దొరకినవి. ‘పి, ఎ’ అను అక్షరములతో మొదలగు పదముల చీటీలు ఐర్లండులోని కావన్ మండలమున ఒక గుఱ్ఱపుసాలలో బయటపడినవి. అప్పటికే వానిలో పెక్కింటిని నిప్పు రాజేయుటకు వాడివైచిరి.

అయినను తీర్పు ఇంతటితో ముగియరాదు. ఆ చీటీలను వ్రాసినవారిని పోగుచేసినవాడెవడు? ప్రాచీనగ్రంథములు అచ్చులో లేనిచో పాఠకులు చదువుటయెట్లని గ్రహించి, 1864లో ప్రాచీనాంగ్ల గ్రంథప్రచురణ సంఘమును స్థాపించినవాడెవడు? ఫర్నివాలే. ఆతనికి ఉత్సాహమును రగిలించు శక్తి కలదు. రగిలిన ఉత్సాహమును పొయ్యిలో నిలుపు శక్తి లేదు. మంట లేని పొయ్యియు వృథా, పొయ్యి లేని మంటయు వృథా. మర్రే కీర్తికి ఫర్నివాల్ అపకీర్తిని మెట్టుగా వేయు విమర్శకులు ఈ సంగతిని మఱచుచున్నారు.

ఇక మర్రే చేసిన సంస్కరణమును పరిశీలింపవలెను. ఆతడు మిల్‌హిల్ పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఇనుపరేకుల కొట్టమును కట్టించి, దానిలో 1,029 అరలను అమర్చెను. ఇది చూచువారి కంటికి గోచరించు సంస్కరణము. అసలు సంస్కరణము మనుష్యుల విషయమున జరిగినది.

మొదటిది: ఆతడు పాతవారిని వెడలగొట్టి క్రొత్తవారిని తెచ్చుకొనలేదు. పాత చీటీలను గుఱ్ఱపుసాలలనుండి సైతము తిరిగి తెప్పించి, పనికివచ్చినంతవరకు వాడుకొనెను. దానితోపాటు 1879లో ఆంగ్లము మాటలాడు లోకమునకంతకు ఒక విజ్ఞప్తిని అచ్చువేయించి, వేయిమంది పాఠకులు కావలెనని కోరెను. చీటీ ఏ పరిమాణమున నుండవలెనో, పదమును ఏ మూల వ్రాయవలెనో, ఏ గ్రంథములు ఇంకను చదువబడలేదో స్పష్టముగా తెలిపెను. స్వచ్ఛంద సేవకునికి చేయగల గొప్ప గౌరవము, వాని నుండి ఏమి కావలెనో స్పష్టముగా చెప్పుట.

రెండవది: తప్పును తప్పని చెప్పెను, సాక్ష్యముతో చెప్పెను. పాఠకులు వింతపదముల వేటలోపడి సామాన్యపదములను విడిచిపెట్టుచుండిరి. ‘అబ్యూజన్’ అను అరుదైన పదమునకు ఏబదివరకు ప్రయోగములు రాగా, ‘అబ్యూజ్’ అను నిత్యవ్యవహారపదమునకు అయిదైనను రాలేదని మర్రే సంఘసభలో లెక్క చెప్పెను. వింతను వెదకుట మనుష్యస్వభావము. తొలి పిలుపే నిఘంటువులకెక్కని పదములను పట్టితెమ్మని చెప్పినప్పుడు, పాఠకులు సామాన్యపదమును చూచియు చూడనట్లు సాగిపోవుటలో ఆశ్చర్యమేమున్నది? ఇట్టిచోట కోపము పనికిరాదు, సూచనలను మార్చవలెను. మర్రే సామాన్యపదములకును ప్రయోగములను పంపుడని కోరెను.

మూడవది: లెక్కకు తెచ్చెను. థామస్ ఆస్టిన్ 1,65,000 ప్రయోగములను, విలియం డగ్లస్ 1,36,000 ప్రయోగములను పంపిరని నిఘంటువు పీఠికాభాగముననే ప్రకటించెను. కాశీలోని సంస్కృత కళాశాలలో బోధించి, పిదప ఇంగ్లండులోని ఒక పల్లెలో ఏకాంతవాసము చేయుచుండిన అమెరికా పండితుడు ఫిట్జెడ్వర్డ్ హాల్, 1901లో మరణించువరకు ఏండ్ల తరబడి ఒక్క కాసు పుచ్చుకొనక అచ్చుప్రతులను దిద్దెను. ఇట్టివారిని కట్టివేసినది జీతము కాదు. తాము పంపిన కాగితమును ఎవరో ఒకరు చదువుచున్నారను నమ్మకమే వారిని కట్టివేసినది. మర్రే తన చేతితో వ్రాసిన అసంఖ్యాకములైన జాబులు ఆ నమ్మకమును నిలిపినవి.

నాలుగవది: సేవ అందరిదైనను తుదితీర్పు సంపాదకునిదే. ఉపసంపాదకులు చీటీలను కాలక్రమమున అమర్చి, అర్థములను విడదీసి పంపెడివారు. దానిని మార్చు అధికారము మర్రేయందే యుండెను. 1883లో విశ్వవిద్యాలయ ప్రముఖుడు బెంజమిన్ జోవెట్ సూచనలను తన యిష్టానుసారము మార్పబూనగా, పదవిని విడుచుటకైనను మర్రే సిద్ధపడెను. క్రిందివారిపై అధికారము చూపుచు పైవారికి లొంగిపోవు నాయకుని స్వచ్ఛంద సేవకులు ఎక్కువకాలము నమ్మరు.

దోషములును చెప్పవలసియున్నవి. పనినంతయు తన కన్నుల మీదుగానే పోనీయవలెనను పట్టుదలచేత కార్యము మిక్కిలి ఆలస్యమైనది. పదియేండ్లలో నాలుగు సంపుటములుగా ముగియునని తలచిన పని, అయిదేండ్లు గడచి 1884లో తొలిభాగము వెలువడునప్పటికి ‘యాంట్’ అను పదమును మాత్రమే చేరినది. మర్రే 1915లో మరణించెను. 1928లో గాని గ్రంథము పది సంపుటములుగా ముగియలేదు. తుదకు 4,14,825 పదములు చేరినవి. అంత జాగ్రత్త వహించినను ‘బాండ్‌మెయిడ్’ అను పదపు చీటీలు ఎచ్చటనో జారిపోయి, ఆ పదమునకు తొలి ప్రచురణమున చోటు దొరకలేదు.

ఇంతకన్న పెద్ద దోషము మరియొకటి. ఎడిత్ థాంప్సన్ వంటి స్త్రీలు ఏండ్ల కొలది ఈ నిఘంటువునకు ఊడిగము చేసిరి. 1928లో జరిగిన సమాప్తి విందున కూర్చుండుటకు స్త్రీలకు ఆహ్వానము లేదు. పీఠికలో పేరు వేయుట ఒకటి, పంక్తిలో పీట వేయుట వేరొకటి. పీఠిక నేర్చిన కృతజ్ఞతను పంక్తి నేర్వలేదు.

మూడవ దోషము పద్ధతికి సంబంధించినది. చీటీకి ఆధారము గ్రంథము. వ్రాతకెక్కని నోటిమాటకు సాక్ష్యము లేదు. అందుచేతనే ప్రాంతీయ పదములకు జోసెఫ్ రైట్ ప్రత్యేకముగా ఒక నిఘంటువును, 1898 మొదలు 1905 వరకు ఆరు సంపుటములుగా, ప్రకటింపవలసివచ్చినది.

తెనుగుదేశమునకును ఈ భేదము అనుభవములోనిదే. 1911లో చెన్నపట్టణమున వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పూనుకొన్న సూర్యరాయాంధ్ర నిఘంటువు, 1936లో తొలి సంపుటము వెలువడిన మహాగ్రంథము. దానికి ప్రమాణము కవిప్రయోగము. నోటిమాటకు గౌరవము కలిగించినది భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము. అది వ్యవసాయపదములను సేకరించినది. 1971లో వెలువడిన రెండవ సంపుటము చేనేతపదములను సేకరించినది. కవి వ్రాయని పదమును కాపుయు, సాలెయు బ్రదికించిరని అది నిరూపించినది. అయినను అది ఆంధ్రప్రదేశ్ జిల్లాలకై పూనిన కార్యము. హోసూరులో, మదురలో, బళ్ళారిలో, కోలారులో, బరంపురములో, షోలాపురములో తరతరములుగా తెనుగు మాటలాడు ఇండ్ల వాకిళ్ళకు రావలసిన బాధ్యత దానిది కాదు.

ఆ వాకిళ్ళలోని వారు సమర్థులు కారా? కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైచెవల్ గ్రామమున, తెనుగు మాటలాడు కుటుంబమున 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ దీనికి సమాధానము. ఆతడు కరిసల్ నేలలోని పల్లెపలుకులను మిత్రుల తోడ్పాటుతో సేకరించి నిఘంటువుగా కూర్చెను, 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును పొందెను, 2021లో దివంగతుడయ్యెను. ఆ నిఘంటువు తమిళ నిఘంటువు. తన్ను పెంచిన నేలకు ఆతడు ఋణము తీర్చుకొనెను, అది శ్లాఘ్యము. ఇంటిలో తల్లి పలికిన తెనుగుపదములకు అట్టి చీటీలను వ్రాయవలసినవారు ఆ యిండ్లలోని తక్కినవారు.

బిడ్డలు తమిళమున, కన్నడమున, ఒడియాలో, మరాఠీలో చదువుకొనుట తప్పు కాదు, తప్పదు. కాని అవ్వ నోటనుండు పదము అవ్వతోనే వెడలిపోవును. దానిని నిలుపుటకు కావలసినది చీటీ యొకటి, దానిపై ఊరి పేరు, చెప్పినవారి వయస్సు, వాక్యము. ఫర్నివాల్ వలె పిలుచువాడొకడు, మర్రే వలె లెక్క వ్రాయువాడొకడు కావలెను. పని ముగిసిననాడు, చీటీ వ్రాసిన స్త్రీకి పంక్తిలో పీట వేయు సంస్కారమును కావలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను చీటీలు గుఱ్ఱపుసాలను చేరును.