వాల్‌మార్ట్ – డ్యూక్స్ తీర్పు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రస్తావన

సమాన పనికి సమాన వేతనం అనే సూత్రం గురించి ఇదివరకటి పాఠాల్లో మీరు చదివారు. సూత్రంగా దాన్ని కాదనేవారు ఇవాళ దాదాపు ఎవరూ లేరు. చిక్కంతా అది అమలు కావడం లేదని రుజువు చేయడంలో ఉంది. ఆడవాళ్ళకు తక్కువ ఇవ్వాలని ఏ యజమానీ కాగితం మీద రాసి పెట్టడు. రాయకుండానే తక్కువ ఇస్తున్నప్పుడు, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో న్యాయస్థానానికి ఎలా చూపించాలి? ఒక పెద్ద చిల్లర వర్తక సంస్థ విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 2011 జూన్ 20న ఈ ప్రశ్నను ఎదుర్కొంది. ఆ తీర్పును చట్ట నిబంధనలాగా కంఠస్థం చేయించడం ఈ పాఠం ఉద్దేశం కాదు. తీర్పు కూడా ఒక వాదమే. ఆ వాదంలో ఏ మెట్టు గట్టిగా ఉంది, ఏ మెట్టు కదులుతోంది అన్నది మీరు స్వయంగా చూడగలగాలి.

దావా పూర్వాపరాలు

బెట్టీ డ్యూక్స్ అనే నల్లజాతి మహిళ 1994లో కాలిఫోర్నియాలోని పిట్స్‌బర్గ్ పట్టణంలో వాల్‌మార్ట్ దుకాణంలో క్యాషియర్‌గా చేరారు. తరవాత కస్టమర్ సర్వీస్ మేనేజరయ్యారు. కొంతకాలానికి క్రమశిక్షణ చర్యల పేరుతో ఆమెను మళ్ళీ క్యాషియర్‌గా, ఆపైన గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవారిని పలకరించే గ్రీటర్‌గా దించారు. నిబంధన తప్పిన మాట నిజమేనని ఆమె ఒప్పుకున్నారు. అయితే అదే తప్పు చేసిన మగవారిని ఏమీ అనలేదనీ, ఫిర్యాదు చేసినందుకే తనపై కక్ష కట్టారనీ, అదే దుకాణంలో గ్రీటర్లుగా ఉన్న ఇద్దరు మగవారికి తనకన్నా ఎక్కువ ఇస్తున్నారనీ ఆమె ఆరోపణ.

2001లో ఆమె, మరికొందరు మహిళలు కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ జిల్లా కోర్టులో దావా వేశారు. ఉద్యోగాల్లో లింగ వివక్షను నిషేధించే 1964 నాటి పౌరహక్కుల చట్టం దీనికి ఆధారం. తమ ఒక్కరి తరఫునే కాక, దేశమంతటా సుమారు 3,400 దుకాణాల్లోని దాదాపు 15 లక్షల మంది మహిళల తరఫున వేసిన సామూహిక దావా ఇది. అమెరికాలో దీన్ని క్లాస్ యాక్షన్ అంటారు. 2004లో జిల్లా కోర్టు అందుకు అనుమతించింది. 2010లో అప్పీలు కోర్టు ఆ అనుమతిని చాలావరకు సమర్థించింది. ఆ తరవాతే కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. వాల్‌మార్ట్‌లో వివక్ష లేదని సుప్రీంకోర్టు తేల్చిందని జవాబు పత్రాల్లో చాలామంది రాస్తుంటారు. అది తప్పు. వివక్ష జరిగిందా లేదా అన్న విచారణే మొదలు కాలేదు. పదేళ్ళపాటు మూడు కోర్టుల్లో నడిచిందంతా ఈ మహిళలు కలిసి దావా వేయవచ్చా, ఎవరికి వారు వేసుకోవాలా అన్న ఒక్క ప్రశ్న మీదనే.

కలిసి దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ నియమాల్లోని 23వ నియమం ప్రకారం అందరికీ వర్తించే ఉమ్మడి ప్రశ్న ఒకటి ఉండాలి. ఇది విధానపరమైన చిన్న షరతులా కనిపిస్తుంది కాని, కేసంతా దీని మీదే తిరిగింది.

మెజారిటీ తీర్పు ఏమంది?

వాల్‌మార్ట్‌లో జీతాల పెంపు, పదోన్నతి చాలావరకు స్థానిక మేనేజర్ల ఇష్టానికి వదిలేసి ఉండేవి. గంటల లెక్కన ఇచ్చే వేతనాన్ని కొన్ని హద్దుల్లో దుకాణం మేనేజరు తన విచక్షణతో పెంచవచ్చు. పై ఉద్యోగాల ఖాళీలను చాలాసార్లు బోర్డు మీద ప్రకటించేవారు కాదు. మేనేజరు తనకు నచ్చినవారిని పిలిచి ఎంపిక చేసేవాడు. మేనేజ్‌మెంట్ శిక్షణకు వెళ్ళాలంటే ఎక్కడికి బదిలీ చేసినా వెళ్ళడానికి సిద్ధపడాలి.

(ఈ సందర్భంలో మన చట్టాన్ని తీసి చూడండి. 1976 నాటి సమాన వేతనాల చట్టం ఐదవ సెక్షన్ మొదట నియామకాలకే పరిమితం. 1987 సవరణతో పదోన్నతి, శిక్షణ, బదిలీ అనే మూడు మాటలు అందులో చేరాయి. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ మూడవ సెక్షన్‌లో ఆ మూడు మాటలు లేవు, ఉద్యోగ షరతులు అనే సాధారణ పదం ఉంది. తేడా చిన్నదేనని కొందరంటారు. నాకు అలా తోచదు.)

మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా వాదాన్ని సంగ్రహంగా ఇలా చెప్పవచ్చు. ఇక్కడ లక్షల నిర్ణయాలున్నాయి. వాటిని వేల మంది మేనేజర్లు తీసుకున్నారు. నన్నెందుకు పక్కన పెట్టారు అని ప్రతి మహిళా అడిగే ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు దొరకాలంటే, ఆ నిర్ణయాలన్నిటినీ కలిపి ఉంచే బంధం ఏదో ఒకటి ఉండాలి. కంపెనీ రాతపూర్వక విధానం వివక్షను నిషేధిస్తోంది. నిర్ణయాలను స్థానిక విచక్షణకు వదలడమంటే ఏకరీతి విధానం లేదనే అర్థం. విధానమే లేనప్పుడు ఉమ్మడి ప్రశ్న ఎక్కడిది?

ఈ వాదంలో బలమున్న చోట్లు ఉన్నాయి, వాటిని ముందుగా ఒప్పుకోవాలి. వాది పక్షం సమర్పించిన అఫిడవిట్లు సుమారు 120. అంటే 12,500 మందికి ఒకటి చొప్పున. వాటిలో సగానికి పైగా ఆరు రాష్ట్రాలవే. 14 రాష్ట్రాల నుంచి ఒక్కటి కూడా లేదు. బకాయి వేతనం అడిగే దావాను వాదులు ఎంచుకున్న ఉపనియమం కింద నడపడం కుదరదన్న అంశంలో తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకాభిప్రాయంతో ఉన్నారు. తీర్పు 5–4గా చీలింది ఉమ్మడి ప్రశ్న ఉందా లేదా అన్నదానిపై మాత్రమే.

వాదం కదిలే చోటు

ఇప్పుడు ఆ ఒక్క అంశాన్నే దగ్గరగా చూద్దాం. వాది పక్షాన సాక్ష్యమిచ్చిన సామాజిక శాస్త్రవేత్త విలియం బీల్బీ, ఈ కంపెనీ సంస్కృతిలో స్త్రీల గురించిన మూస అభిప్రాయాలు నిర్ణయాలను ప్రభావితం చేసే అవకాశం ఉందన్నారు. ఎన్ని నిర్ణయాలను అని అడిగితే, అర శాతమో 95 శాతమో తాను చెప్పలేనన్నారు. ఆ మాటతో కోర్టు ఆయన సాక్ష్యాన్ని పూర్తిగా పక్కన పెట్టింది. సరే, శాతం చెప్పలేని సాక్ష్యం బలహీనమే అనుకుందాం.

కాని అదే తీర్పులో మరోచోట, వారి మానాన వారిని వదిలేస్తే ఏ కంపెనీలోనైనా అధిక భాగం మేనేజర్లు స్త్రీ పురుష భేదం లేని, ప్రతిభను బట్టే నడిచే ప్రమాణాలనే పాటిస్తారన్న భావం వస్తుంది. ఆ అధిక భాగం అంటే ఎంత శాతం? దానికి ఏ అధ్యయనం ఆధారం? ఏమీ లేదు. శాస్త్రవేత్తను అంకె అడిగిన కోర్టు తన ఊహకు అంకె అడగలేదు. తీర్పు మొత్తంలో నాకు బలహీనంగా కనిపించే మెట్టు ఇదే. వివక్ష లేకపోవడం సహజస్థితి, ఉండడం అపవాదం అని ముందే అనుకుంటే, రుజువు భారమంతా ఒకే పక్షం మీద పడుతుంది.

రాతపూర్వక విధానం సంగతి కూడా ఇలాంటిదే. కంపెనీకి అనుకూలంగా ఉన్న కాగితం కంపెనీ విధానంగా లెక్కకు వచ్చింది. కాగితం మీద లేని ఆచారం విధానమే కాదని తేలిపోయింది. మీరు చిల్లర వర్తక సంస్థల్లో పనిచేసి ఉంటే ఈ రెంటిలో ఏది రోజువారీ జీవితాన్ని నడిపిస్తుందో నేను చెప్పనక్కరలేదు. ఒక అధ్యయన కేంద్రంలో సంప్రదింపు తరగతి తీసుకుంటున్నప్పుడు, బట్టల షోరూములో పనిచేసే విద్యార్థిని ఒకామె, "మా దగ్గర ఎవరి జీతం ఎంతో ఎవరికీ తెలియదండీ. అడిగితే ఊరుకోరు" అన్నారు. అడగకూడదని వాళ్ళ నియామక పత్రంలో ఉందా అన్నాను. "అబ్బే, రాసి ఏమీ లేదండీ" అన్నారు.

విచక్షణకు వదిలేయడమే ఒక విధానం కాగలదని ఆ సుప్రీంకోర్టే ఇదివరకు గుర్తించింది. 1988లో వాట్సన్ అనే మహిళ ఫోర్ట్‌వర్త్‌లోని ఒక బ్యాంకుపై వేసిన కేసులో, మేనేజర్ల వ్యక్తిగత అంచనాల మీద నడిచే పదోన్నతి పద్ధతిని కూడా దాని ఫలితాలను బట్టి వివక్షగా ప్రశ్నించవచ్చని చెప్పింది. స్కాలియా ఆ తీర్పును కాదనలేదు. ఒక మేనేజరు విచక్షణను దుర్వినియోగం చేశాడని చూపితే మరో మేనేజరు గురించి ఏమీ తెలియదు అని దాన్ని కుదించారు.

దీన్ని ఒక పోలికతో చూడండి. కిలో కందిపప్పు కొన్నప్పుడు పది గ్రాములు తరుగు వస్తే కొన్నావిడకు తెలియదు. తెలిసినా చెయ్యి జారిందంటారు. వెయ్యి మంది పొట్లాలు కలిపి తూస్తేనే పది కిలోల తరుగు బయటపడుతుంది. ఒక్కో పొట్లం దగ్గర కనిపించని తప్పు మొత్తంలోనే కనిపిస్తుంది. వేతన వివక్ష చాలాసార్లు ఇలాంటిదే. గంటకు కొద్ది సెంట్ల తేడా, ఒకసారి తప్పిపోయిన పదోన్నతి విడిగా చూస్తే ప్రతిదానికీ ఏదో ఒక సంజాయిషీ ఉంటుంది. మెజారిటీ తీర్పు ప్రతి పొట్లాన్నీ విడిగా తెమ్మంది. ప్రతి దుకాణానిదీ వేరే తక్కెడ కదా అన్నది దాని సమర్థన. ప్రాంతాలవారీ గణాంకాల్లో కనిపించే తేడా కొద్ది దుకాణాల వల్లే వచ్చి ఉండవచ్చు అన్న దాని అభ్యంతరంలో తర్కం లేకపోలేదు. అందుకే అసలు ప్రశ్న, తక్కెళ్ళు నిజంగా వేరు వేరేనా అన్నది.

జస్టిస్ గిన్స్‌బర్గ్ అసమ్మతి

ఈ ప్రశ్నకు జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతి తీర్పులో జవాబిచ్చారు. బ్రయర్, సొటొమయోర్, కేగన్ ఆమెతో ఏకీభవించారు. మేనేజర్లు శూన్యంలో నిర్ణయాలు తీసుకోలేదన్నది ఆమె వాదం. ఒకే రకమైన ఆలోచనను పెంచే తరచు సమావేశాలు, ఏకరూపత కోసం మేనేజర్లను ఒక దుకాణం నుంచి మరో దుకాణానికి మార్చడం, దగ్గరి పర్యవేక్షణ, అన్ని దుకాణాల్లోనూ ప్రసారమయ్యే కంపెనీ సొంత టీవీ ఆ సంస్థలో ఉన్నాయి. దుకాణాల్లో ఉష్ణోగ్రతను కూడా బెంటన్‌విల్ ప్రధాన కార్యాలయం నుంచే నియంత్రించే కంపెనీ అది. గదిలో ఎంత చల్లగా ఉండాలో కేంద్రం నిర్ణయిస్తుంది, ఎవరి జీతం పెరగాలో మాత్రం కేంద్రానికి సంబంధం లేదు అంటే, ఆ సంబంధం లేకపోవడం కూడా కేంద్రం చేసిన నిర్ణయమే కదా.

ఆమె ఎత్తిచూపిన అంకెలు గుర్తుంచుకోండి. గంటల వేతనపు ఉద్యోగాల్లో స్త్రీలు 70 శాతం, మేనేజ్‌మెంట్‌లో 33 శాతం. పైకి వెళ్ళేకొద్దీ ఆ శాతం ఇంకా తగ్గుతుంది. ఒకే సమయంలో ఒకే ఉద్యోగంలో చేరిన స్త్రీ పురుషుల మధ్య కూడా వేతన వ్యత్యాసం ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. మూస అభిప్రాయాలు స్త్రీల అవకాశాలను పరిమితం చేస్తున్నాయని కంపెనీలోని మహిళా ఉన్నతోద్యోగుల సంఘమే తేల్చిన సంగతిని కూడా ఆమె ప్రస్తావించారు.

విచక్షణ ఎలా వివక్షకు వాహనమవుతుందో చెప్పడానికి ఆమె ఇచ్చిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. అమెరికాలో సింఫనీ వాద్యబృందాలు చాలాకాలం మగవారి చేతిలో ఉండేవి. వాయించేవారికీ ఎంపిక చేసేవారికీ మధ్య తెర కట్టడం మొదలుపెట్టాక, స్త్రీల ఎంపిక గణనీయంగా పెరిగింది. తెర కట్టకముందు ఆ న్యాయనిర్ణేతలు తాము సంగీతాన్నే వింటున్నామని నిజాయితీగా నమ్మి ఉంటారు. దురుద్దేశం ఉన్న మేనేజరును వెతికే తీర్పుకు ఇలాంటి వివక్ష అందదు.

బదిలీ షరతు గురించి గిన్స్‌బర్గ్ కన్నా ముందే మాట్లాడినవాడు వాల్‌మార్ట్ వ్యవస్థాపకుడు సామ్ వాల్టన్. 1992లో వెలువడిన ఆత్మకథలో, ఎప్పుడంటే అప్పుడు ఊరు మారాలన్న పాత నియమం వల్ల స్త్రీలకు నష్టం జరిగిందని ఆయనే ఒప్పుకున్నాడు. దావా పడింది ఆ తరవాత తొమ్మిదేళ్ళకు.

ఇంత పెద్ద సంఖ్యలో ఫిర్యాదులను కోర్టులు మోయలేవన్న అభిప్రాయం కొందరిలో ఉంది. బ్రిటన్‌లో, అప్పట్లో వాల్‌మార్ట్ చేతిలో ఉన్న ఆస్డా సూపర్‌మార్కెట్లలో వేల మంది ఉద్యోగులు సమాన వేతనం కోరారు. దుకాణాల్లో ఎక్కువగా స్త్రీలు చేసే పనిని, గిడ్డంగుల్లో ఎక్కువగా పురుషులు చేసే పనితో పోల్చవచ్చని 2021 మార్చిలో అక్కడి సుప్రీంకోర్టు అంగీకరించింది. చట్టం వేరు, వ్యవస్థ వేరు. సంఖ్య మాత్రం అడ్డు కాలేదు.

తరవాత జరిగింది

2011 తీర్పు తరవాత వాదులు దావాను ముక్కలు చేసి కాలిఫోర్నియా, టెక్సస్ వంటి చోట్ల ప్రాంతాలవారీగా వేశారు. కాలిఫోర్నియా ముక్కను కూడా సామూహిక దావాగా నడపడానికి 2013లో కోర్టు ఒప్పుకోలేదు. చాలామంది ఎవరికి వారు ఫిర్యాదులు పెట్టుకున్నారు. వాళ్ళలో ఎంతమంది ఒంటరిగా న్యాయవాది ఖర్చు భరించగలరో, వాళ్ళ గంట వేతనాన్ని బట్టి మీరే లెక్క వేయండి. బెట్టీ డ్యూక్స్ 2017 జులైలో మరణించారు. 15 లక్షల మంది తరఫున ఆమె పేరు మీద నడిచిన దావాలో వివక్ష జరిగిందా లేదా అన్నదానిపై విచారణ ఒక్క రోజు కూడా జరగలేదు.