నీట మునిగిన బ్రేకియోసారస్ : ఒక ప్రసిద్ధ చిత్రం

రాక్షసిబల్లులను గూర్చిన గ్రంథాలు తిరగవేసినవారిలో, చెక్ చిత్రకారుడు జ్డెనెక్ బురియన్ 1941లో వేసిన బ్రేకియోసారస్ చిత్రాన్ని చూడనివారు అరుదు. లోతైన సరస్సు. శరీరమంతా నీటిలోనే, పొడవాటి మెడ చివర తల మాత్రం పైకి తేలినది.

చిత్రరచనగా దీనికి వంక పెట్టుటకు లేదు. నీటిలోనికి దిగిన కొద్దీ సన్నగిల్లే వెలుగు, ఆ దేహపు బరువు, చూచినవాడు నమ్మి తీరును. చిక్కంతా అక్కడనే ఉన్నది.

దీనిని పరీక్షించుటకు హైస్కూలు భౌతికశాస్త్రం చాలును. బెర్లినులో 1937లో నిలిపిన అస్థిపంజరం (దానిని నేడు జిరాఫటైటన్ అని వేరుగా పిలుచుచున్నారు) ఎత్తు 13 మీటర్లకు పైమాట. తల నీటిమట్టాన ఉన్నచో ఊపిరితిత్తులు సుమారు 7 మీటర్ల లోతున ఉండును. 10 మీటర్ల నీరు ఒక వాతావరణ పీడనానికి సమానం గదా! అనగా ఛాతీపై చదరపు మీటరుకు సుమారు 7 టన్నుల అదనపు భారం. ముక్కు బయట ఉన్నందున లోపలి గాలి పీడనం మాత్రం బయటి గాలి పీడనమే. ఇంత భారాన్ని నెట్టి ఛాతీని విప్పగల కండరాలు ఏ జంతువుకున్నవి? తిమింగిలం పైననే గాలి పీల్చుకొని, ముక్కు మూసికొని మునుగును. ఆ సంగతి వేరు. మడుగులో దాగిన దుర్యోధనునికి జలస్తంభన విద్య తెలియును. బ్రేకియోసారస్‌కు తెలియదు.

ఈ వాదాన్ని కెర్మాక్ అనే శాస్త్రజ్ఞుడు 1951లో ప్రకటించినాడు. చిత్రం అంతకు పదేండ్ల ముందుది. కనుక చిత్రకారుని తప్పు పట్టరాదు. అంతటి బరువును నేలపై కాళ్లు మోయలేవని, నాసికారంధ్రాలు తలపై ఎత్తున ఉండుట నీట మునుగుటకేనని నాటి పండితులు పలువురు చెప్పుచుండిరి. అయితే, 1900లో కొలరాడోలో ఈ జంతువు ఎముకలను మొదట త్రవ్వి తీసిన ఎల్మర్ రిగ్స్, ఇది నేలపై తిరిగినదేనని 1904లోనే వ్రాసినాడు. ఆ మాట చెవిని పెట్టినవారు కొద్దిమంది. 1951 తరువాత కూడ ఏ వివరణయు లేకుండ ఈ బొమ్మను పిల్లల పుస్తకాలలో అచ్చువేయుచు వచ్చినవారిని మాత్రం సమర్థించుట కష్టం.

1971లో రాబర్ట్ బేకర్ నేల జీవితాన్ని గూర్చి మరల గట్టిగా వాదించిన పిమ్మట అభిప్రాయం మారినది. వెన్నుపూసలలోని గాలి గదులు దేహపు బరువును తగ్గించినవి. స్తంభాల వంటి కాళ్లు మిగిలినదానిని మోసినవి. నేడు అదే జంతువును పొడినేలపై, చెట్ల కొనలు మేయుచున్నట్లు గీయుచున్నారు.