బదులు

ఆంగ్లమునందలి సబ్‌స్టిట్యూట్ అను క్రియ నాచేత చేయించిన తప్పు చిన్నదే యైనను, అనువాదమే వృత్తిగా గల నన్ను అది నేఁటికిని విడువలేదు. ఆహారనియమముల కరపత్రమొకటి తెలుగు చేయుచు, బియ్యము తగ్గించి రాగులు వాడుఁడని చెప్పు వాక్యమున రాగులే ముందుగా నుండుటఁ జూచి, ‘రాగులకు బదులు బియ్యము’ అని తలక్రిందుగా వ్రాసితిని. మా యూరగు పూతలపట్టులో దానిని చదివించుకొని వినిన మా యమ్మ, “ఏమిరా నాయనా, సంగటి మానేసి వరిబువ్వ తినమని రాసినావే?” యని యడుగఁగా నాకు నోట మాట రాలేదు.

సబ్‌స్టిట్యూట్ అను క్రియకు కర్మ యగునది లోనికి వచ్చునది. ‘ఫర్’ తరువాతిది వెలుపలికిఁ బోవునది. రిప్లేస్ అనుదానికి క్రమము విపరీతము: కర్మయే తొలఁగును, ‘విత్’ తరువాతిది వచ్చును. సబ్‌స్టిట్యూట్‌కును ‘విత్’ చేర్చు వాడుక ఆంగ్లము మాటలాడువారిలోనే యుండుటచే, సందర్భము విచారింపక కలము కదపరాదు. మన ‘బదులు’నకీ చిక్కు లేదు. ‘కు’ విభక్తి పోవుదానినే యంటియుండును గనుక, మాటల నెట్లు త్రిప్పినను, బియ్యమునకు బదులు రాగులే వచ్చును.

అరబ్బీ ‘బదల్’ నుండి వచ్చిన యీ మాట మనలో ప్రత్యుత్తరమునకును, చేబదులునకును చెల్లును; మా పొరుగు తమిళులకు ‘పదిల్’ జవాబే. వ్యాకరణమున, ఒకదానిని తొలఁగించి దాని చోట వేఱొకటి వచ్చు పనికి ఆదేశమని పేరు. ‘వాఁడు పోయె’ననుచోట పకారమును వెడలఁగొట్టి వకారము కూర్చుండఁగా ‘వాఁడు వోయె’నగును, అందుచేతనే పెద్దలు ఆదేశమును శత్రువుతోను, ‘మాయమ్మ’లోని యకారము వలె నెవ్వరిని తొలఁగింపక చేరు ఆగమమును మిత్రునితోను పోల్చిరి.

అయినను పూజాపీఠము కడ మఱియొక బదులు గలదు. వస్త్రము లేనివాఁడు వస్త్రమునకై యక్షతలు సమర్పించునప్పుడు వస్త్రము పేరు తొలఁగదు. ఆ పేరుతోనే యక్షతలు పడును. పూతలపట్టు ఇంటిపేరుగా గల శ్రీరాములురెడ్డిగారు కంబరామాయణమును తెలుఁగు పద్యములఁ బెట్టినప్పుడు జరిగినది ఈ విధమైన బదులే యని నా నమ్మకము: కంబఁడు కదలలేదు, తెలుఁగువాని కాతఁడు దగ్గఱయ్యెను.

కరపత్రము మఱల అచ్చునకుఁ బోవునపుడు ‘బియ్యము తగ్గించి, ఆ మేరకు రాగులు వాడుఁడు’ అని దిద్ది, ముందుగా మా యమ్మకే చదివి వినిపించితిని.